ఊరికే ఇచ్చే ఓఎస్‌కు గల్లా పెట్టె ఎక్కడ? డెస్క్‌టాప్ లినక్స్ వ్యాపారం తీరుతెన్నులు

క్లుప్తంగా: డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లలో లినక్స్ లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల) ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) వాటా మెల్లగా పెరుగుతోంది. విండోస్ 10కు మద్దతు ముగియడం దానికి కొంత ఊపు ఇచ్చింది. అయితే వాడకం పెరగడం వేరు, వ్యాపారం నిలబడటం వేరు. ఓఎస్‌ను నేరుగా అమ్మి లాభం చూసిన సంస్థలు అరుదు. మరో వ్యాపారం దాని ఖర్చు మోసినచోట, లేదా ప్రభుత్వమే పెద్ద గిరాకీగా వచ్చినచోట మాత్రం అది నిలదొక్కుకుంది.

## 2025 అక్టోబర్ తర్వాత

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. విండోస్ 11కు వెళ్దామంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, లేదా ఆ తర్వాతిది కావాలి. 2015, 2016లలో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఈ గీత దాటలేకపోయాయి. అవేమీ పాడైపోలేదు. బ్రౌజర్, వర్డ్, జూమ్ బాగానే నడుస్తున్నాయి. కాగితం మీద మాత్రం వాటికి కాలం చెల్లింది.

ఇలాంటి కంప్యూటర్ ఉన్నవారు కొత్తది కొనాలి, లేదా డబ్బు కట్టి అదనపు అప్‌డేట్లు తీసుకోవాలి, లేదా లినక్స్‌కు మారాలి. ఏమీ చేయకుండా పాతదానితోనే నెట్టుకురావడం నాలుగో దారి. ఎక్కువమంది పట్టేది దాన్నే. అదనపు అప్‌డేట్లకు మైక్రోసాఫ్ట్ వ్యక్తుల నుంచి ఏడాదికి 30 డాలర్లు అడిగింది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు సింక్ చేసుకుంటే అదీ అక్కర్లేదంది. కస్టమర్ చేజారిపోతాడనుకున్నప్పుడు ఆ సంస్థ ధర విషయంలో ఎంత మెత్తబడగలదో చెప్పడానికి ఇది తాజా ఉదాహరణ. పాత ఉదాహరణలు కింద వస్తాయి.

డబ్లిన్ కేంద్రంగా పనిచేసే జోరిన్ ఓఎస్ అనే లినక్స్ సంస్థ తన 18వ వెర్షన్‌ను సరిగ్గా ఆ అక్టోబర్ 14నే విడుదల చేసింది. నెల దాటిన కొద్ది రోజులకే 10 లక్షల డౌన్‌లోడ్లు అయ్యాయని, వాటిలో నాలుగింట మూడొంతులకు పైగా విండోస్ కంప్యూటర్ల నుంచి వచ్చినవేనని ప్రకటించింది. అంతకుముందే, 2024 ఫిబ్రవరిలో, ప్రపంచవ్యాప్త డెస్క్‌టాప్ వాడకంలో లినక్స్ వాటా స్టాట్‌కౌంటర్ లెక్కల్లో తొలిసారి 4 శాతం దాటింది. భారత్ వరకు చూస్తే అదే సంస్థ లెక్కల్లో 2023లోనే 10 శాతం పైకి వెళ్లింది.

ఈ అంకెలను కాస్త జాగ్రత్తగా చదవాలి. స్టాట్‌కౌంటర్ లెక్కించేది అమ్ముడైన కంప్యూటర్లను కాదు, కొన్ని వెబ్‌సైట్లలో తెరిచిన పేజీలను. ఏ ఓఎస్సో తెలియని పద్దు కాస్త పెరిగినా తగ్గినా మిగతా వాటాలన్నీ ఊగుతాయి. డౌన్‌లోడ్లు కూడా అంతే. దించుకున్నవారిలో ఎందరు ఇన్‌స్టాల్ చేశారు, వారిలో ఎందరు నెల తర్వాత కూడా వాడుతున్నారు అన్నది ఆ సంఖ్యలో ఉండదు. ‘ఈ ఏడాది లినక్స్ డెస్క్‌టాప్‌దే’ అన్న మాట పాతికేళ్లుగా ఏటా వినిపించి చివరికి జోక్‌గా మిగలడానికి ఇలాంటి లెక్కలే కారణం.

## సర్వర్‌లో పండిన పంట

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ (ఓఎస్‌కు గుండెలాంటి మూల భాగం) ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటిలో ఉంది. క్లౌడ్ సర్వర్లలో అత్యధికం దాని మీదే నడుస్తాయి. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్‌కంప్యూటర్లన్నీ లినక్స్‌వే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు సత్తా లేదనే వాదన నిలవదు.

సర్వర్ వైపు డబ్బు ఎలా వస్తుందో చూస్తే డెస్క్‌టాప్ కష్టం అర్థమవుతుంది. బ్యాంకు సర్వర్ గంటసేపు ఆగిపోతే నష్టం చాలా పెద్దది. అందుకని బ్యాంకు ఏటా చందా కడుతుంది. కోడ్ ఎలాగూ ఊరికే దొరుకుతుంది. ఆ చందాతో బ్యాంకు కొనేది అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే మనిషిని, ఏళ్ల తరబడి సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామన్న రాతపూర్వక హామీని. లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ ఈ పద్ధతిలోనే 2012 ఆర్థిక సంవత్సరంలో 100 కోట్ల డాలర్ల ఆదాయం దాటింది. 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఆగిపోతే ఇంత నష్టం ఉండదు. పక్కింటి ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చి చూస్తాడు, లేదా వీధి చివర సర్వీస్ సెంటర్‌లో 500 రూపాయలతో పని అయిపోతుంది. దాని కోసం ఏటా చందా కట్టేవాళ్లు దొరకరు.

ఈ తేడాను అందరికంటే ముందు గుర్తించింది రెడ్ హ్యాటే. 1990లలో అది లినక్స్‌ను సీడీల పెట్టెల్లో పెట్టి దుకాణాల్లో అమ్మేది. 2003లో ఆ సరుకును ముగించే నిర్ణయం తీసుకుంది. ఔత్సాహికులకు ఫెడోరా అనే ఉచిత లినక్స్‌ను వదిలి, తాను సంస్థల చందాల వైపు వెళ్లిపోయింది. మామూలు వినియోగదారుల కోసం డెస్క్‌టాప్ సరుకు తెచ్చే ఆలోచన లేదని 2008లో స్పష్టంగానే చెప్పింది. ఇక మీదట తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో భాగంగా లిబ్రె ఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను అందించబోమని 2023లో ప్రకటించింది. ఓపెన్ సోర్స్‌లో అత్యధికంగా సంపాదించిన సంస్థే డెస్క్‌టాప్ మీద ఖర్చు తగ్గించుకుంటూ రావడం గమనించాల్సిన విషయం.

## అమ్మి చూసినవాళ్ల కథలు

ప్రయత్నించినవాళ్లు లేక కాదు. వర్డ్‌పర్ఫెక్ట్‌తో పేరున్న కెనడా సంస్థ కోరెల్ 1999లో సొంత లినక్స్ తెచ్చింది. మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ దానిలో 13.5 కోట్ల డాలర్ల పెట్టుబడి పెట్టింది. ఆ తర్వాత కోరెల్ లినక్స్‌ను వదిలించుకుంది.

2001లో మైఖేల్ రాబర్ట్‌సన్ మొదలుపెట్టిన లిండోస్ కథ ఇంకా రసవత్తరం. 2002లో అమెరికాలో వాల్‌మార్ట్ వెబ్‌సైట్ ఈ ఓఎస్‌తో 199 డాలర్లకే పీసీ అమ్మింది. ఒక్క క్లిక్‌తో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే సదుపాయాన్ని లిండోస్ చందా మీద ఇచ్చింది. ఫోన్లలో యాప్ స్టోర్లు రావడానికి ఇంకా ఐదారేళ్లు ఉందప్పటికి. పేరు విండోస్‌ను పోలి ఉందని మైక్రోసాఫ్ట్ కోర్టుకెక్కింది. 2004లో రాజీ కుదిరింది. పేరు వదులుకున్నందుకు లిండోస్‌కే 2 కోట్ల డాలర్లు దక్కాయి. ఓఎస్ కంటే పేరుకే మంచి ధర పలికిందనాలి. లిన్‌స్పైర్‌గా మారిన ఆ సంస్థ ఆస్తులు 2008లో జాండ్రోస్ చేతికి వెళ్లాయి.

చందా కాకుండా ‘మీకు తోచినంత ఇవ్వండి’ అంటే ఏమవుతుందో ఎలిమెంటరీ ఓఎస్ 2015లో బయటపెట్టింది. 20 లక్షలకు పైగా డౌన్‌లోడ్లలో 99.875 శాతం పైసా రాల్చనివే. అంటే ఎనిమిది వందల మందిలో డబ్బు ఇచ్చింది ఒక్కరు.

వీటన్నింటికంటే పెద్ద ప్రయోగం ఉబుంటు అనే లినక్స్. దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ తన థాట్ అనే సంస్థను 1999లో వెరిసైన్‌కు 57.5 కోట్ల డాలర్లకు అమ్మారు. ఆ సొమ్ముతో 2004లో ఉబుంటును తయారుచేసే కనానికల్‌ను స్థాపించారు. అడిగినవారికి ప్రపంచంలో ఏ మూలకైనా ఉబుంటు సీడీలను ఉచితంగా పోస్టులో పంపించారు. అప్పట్లో నెట్ నెమ్మదిగా ఉన్న మన ఊళ్ల కాలేజీ హాస్టళ్లకు లినక్స్ చేరింది ఆ కవర్లలోనే. ఉబుంటు లోపాల జాబితాలో మొదటిది ‘మార్కెట్‌లో మైక్రోసాఫ్ట్‌కే ఎక్కువ వాటా ఉంది’ అన్నది. లోపాల జాబితాలో వ్యాపార లక్ష్యాన్ని రాసుకున్నారన్నమాట.

ఆ తర్వాత కనానికల్ డెస్క్‌టాప్ నుంచి డబ్బు రాబట్టడానికి చేయని ప్రయత్నం లేదు. ఉబుంటు వన్ పేరుతో ఫైళ్లు దాచుకునే క్లౌడ్ సేవ పెట్టి 2014లో మూసేసింది. 2012లో డెస్క్‌టాప్ సెర్చ్‌లో అమెజాన్ సరుకులు చూపించి కమీషన్ రాబట్టాలనుకుంది. ప్రైవసీ గొడవ రేగడంతో తర్వాత వెనక్కి తగ్గింది. 2013లో ఉబుంటు ఎడ్జ్ ఫోన్ కోసం ప్రజల నుంచి 3.2 కోట్ల డాలర్లు అడిగితే హామీలు సుమారు 1.28 కోట్ల దగ్గర ఆగాయి. 2017 ఏప్రిల్‌లో సొంత యూనిటీ డెస్క్‌టాప్‌ను, ఫోన్ ప్రయత్నాన్ని కలిపి వదిలేసింది. ఇప్పుడు దాని ఆదాయానికి ఆధారం క్లౌడ్, సర్వర్లు, పరికరాలు, సంస్థలకు ఇచ్చే మద్దతు. డెస్క్‌టాప్ ఉచితంగా కొనసాగుతోంది, కిరాణా కొట్టులో శాంపిల్ పొట్లంలాగా. కాలేజీలో ఉబుంటు అలవాటైన కుర్రాడు ఉద్యోగంలో చేరాక సర్వర్‌కు కూడా అదే ఎంచుకుంటాడన్నది లెక్క. ఆ లెక్క బాగానే పనిచేసింది.

## ల్యాప్‌టాప్ తయారీదారు ఏం ఆలోచిస్తాడు

ఎక్కువమంది ఓఎస్‌ను ఎంచుకోరు. కొన్నదానిలో ఏది ఉంటే అదే వాడతారు. అందుకే నిర్ణయం కొనేవారి చేతిలో కంటే తయారీదారు చేతిలో ఎక్కువగా ఉంటుంది.

ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ తయారీదారుల నుంచి ప్రాసెసర్ లెక్కన రుసుము తీసుకునేది. తన ఓఎస్ వేసినా వేయకపోయినా, బయటికి వెళ్లిన ప్రతి కంప్యూటర్‌కూ డబ్బు కట్టాల్సిందే. అలాంటప్పుడు వేరే ఓఎస్ వేస్తే రెండుసార్లు కట్టినట్టు. 1994లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందంతో ఆ పద్ధతి పోయింది. అప్పటికే అలవాటు మాత్రం పాతుకుపోయింది.

ఇప్పటి లెక్క వేరు. విండోస్ ల్యాప్‌టాప్ కొనగానే అందులో యాంటీవైరస్ ట్రయల్, మరికొన్ని ప్రకటనల సరుకులు కనిపిస్తాయి. వాటిని పెట్టినందుకు ఆ కంపెనీలు తయారీదారుకు డబ్బు ఇస్తాయి. విండోస్ లైసెన్స్ ఖర్చులో కొంత అక్కడే పూడుతుంది. లినక్స్ వేస్తే లైసెన్స్ ఖర్చు పోతుంది, ఈ రాబడీ పోతుంది. ‘లినక్స్ ల్యాప్‌టాప్ అయితే బాగా చవగ్గా ఉండాలి కదా’ అనుకున్న కస్టమర్ చాలాసార్లు నిరాశపడటానికి ఒక కారణం ఇది.

రెండో ఖర్చు కస్టమర్ కేర్. చవక ల్యాప్‌టాప్ మీద తయారీదారుకు మిగిలేది కొద్దిగానే. ‘ప్రింటర్ పనిచేయట్లేదు’ అని ఒక్క ఫోన్ వచ్చి అరగంట మాట్లాడితే ఆ మిగులు కాస్తా ఆవిరి. 2007లో ఆసుస్ ‘ఈ పీసీ’ (Eee PC)తో మొదలైన నెట్‌బుక్ గిరాకీలో ఇది తేలిపోయింది. ఆ బుల్లి ల్యాప్‌టాప్‌లు లినక్స్‌తోనే బయటికొచ్చాయి. వాటిలో అప్పటి కొత్త విండోస్ అయిన విస్టా నడవదు కాబట్టి కొన్ని నెలలపాటు పోటీయే లేదు. మైక్రోసాఫ్ట్ 2008లో పాత విండోస్ ఎక్స్‌పీ అమ్మకాలు ఆపాలనుకున్నది కాస్తా, ఇలాంటి చవక పరికరాల కోసం గడువును 2010 దాకా పొడిగించింది. మరోవైపు లినక్స్ నెట్‌బుక్‌లు వెనక్కి రావడం మొదలైంది. విండోస్ వాటి కంటే కనీసం నాలుగు రెట్లు ఎక్కువగా తిరిగొస్తున్నాయని కంప్యూటర్ల తయారీ సంస్థ ఎంఎస్ఐ ప్రతినిధి ఒకరు అప్పట్లో చెప్పారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ విభాగం దాదాపు మొత్తం ఎక్స్‌పీ చేతిలోకి పోయింది. 2014లోనూ ఇదే ఎత్తు. ఆండ్రాయిడ్ పోటీ తట్టుకోలేక 9 అంగుళాల లోపు పరికరాలకు మైక్రోసాఫ్ట్ విండోస్‌ను ఉచితం చేసింది. ధర తగ్గించి వచ్చేవాడిని అవతలివాడు ధర తగ్గించే ఆపగలిగితే ‘ఉచితం’ అనే ఆయుధానికి పదును ఉండదు.

మన దగ్గర మరో మలుపు ఉంది. భారత్‌లో డాస్ అనే పాతకాలపు ఓఎస్‌తోనో ఉబుంటుతోనో వచ్చే ల్యాప్‌టాప్‌లు ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో విజయవాడలోనో అలాంటిది కొంటే, కొట్టువాడే విండోస్ వేసి ఇవ్వడం మామూలు. లైసెన్స్ సంగతి ఎవరూ అడిగేవారు కాదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు సభ్యులుగా ఉన్న బీఎస్ఏ సర్వే ప్రకారం 2017లో దేశంలో ఇన్‌స్టాల్ అయిన సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్స్ లేనిదే. సర్వే చేయించినవారి ప్రయోజనాన్ని మనసులో పెట్టుకున్నా, అంకె చిన్నదేమీ కాదు. అంటే ఇక్కడ లినక్స్ పోటీ పడింది పదివేల రూపాయల విండోస్‌తో కాదు. ఊరికే వచ్చిన విండోస్‌తో. లినక్స్‌కున్న ఏకైక ధర బలం పైరసీ ముందు పనికిరాకుండా పోయింది.

## ఒక్క సాఫ్ట్‌వేర్ చాలు

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది అప్లికేషన్ల వ్యవహారం. వాడేవాళ్లు తక్కువ కాబట్టి కంపెనీలు లినక్స్‌కు సాఫ్ట్‌వేర్ రాయవు. సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి వాడేవాళ్లు రారు. అడోబీ ఫోటోషాప్, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ పేర్లు ఈ సందర్భంలో ఎప్పుడూ వినిపించేవే. తెలుగు ఊళ్లలో మనుషులను కట్టిపడేసేవి మాత్రం ఇంకొన్ని ఉన్నాయి.

డీటీపీ కొట్టు సంగతే చూడండి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చాలా కొట్లలో ఇప్పటికీ అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ నడుస్తాయి. పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబీ 2004లోనే ఆపేసింది. అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చిన పాత పద్ధతి అది. లినక్స్‌లో తెలుగు యూనికోడ్ చక్కగా కనిపిస్తుంది. పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే మెనూలు కనిపించే ఓఎస్ కూడా తయారుచేసింది. కొట్టు యజమాని ఇబ్బంది వేరే. ఇరవై ఏళ్ల ఫైళ్లు పాత ఫాంట్లలో ఉన్నాయి. వాటిని కన్వర్టర్‌తో మారిస్తే ప్రతి పేజీ మళ్లీ ప్రూఫు చూడాలి. ఆపరేటర్ వేళ్లకు పాత కీబోర్డు వరస అలవాటైపోయింది. కొత్త ఓఎస్ ఉచితమే, మారడం ఉచితం కాదు.

ఆడిటర్ ఆఫీసులో పద్దులు రాసే టాలీ. అది విండోస్ కోసం తయారైంది, లినక్స్‌కు నేరుగా వెర్షన్ లేదు. ఆదాయ పన్ను, జీఎస్టీ, టెండర్ల పనికి వాడే డిజిటల్ సిగ్నేచర్ డాంగిళ్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవర్లు (పరికరాన్ని ఓఎస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఉన్నా, వాటిని ఎక్కించి పెట్టే మనిషి చిన్న ఊళ్లో దొరకడం కష్టం. రిటర్న్ గడువు చివరి రోజు రాత్రి పదింటికి డాంగిల్ మొరాయిస్తే వచ్చే టెన్షన్ ముందు, లైసెన్స్‌లో మిగిలిన కొన్ని వేలు ఏ మూలకు?

అయితే ఈ గోడ కరుగుతోంది కూడా. బ్యాంకు, రైల్వే టికెట్, ఆఫీసు మెయిల్, స్ప్రెడ్‌షీట్ అన్నీ బ్రౌజర్‌లోకి వచ్చాయి. బ్రౌజర్ ఒక్కటే చాలు అనుకునేవారికి కింద ఏ ఓఎస్ ఉందన్నది పట్టింపు కాదు. కొత్త పని ఎంత త్వరగా వెబ్‌లోకి వెళ్తే పాత పట్టు అంత త్వరగా సడలుతుంది.

## వేరే గల్లా నుంచి డబ్బు వచ్చినచోట

2011లో వచ్చిన క్రోమ్‌బుక్ లోపల ఉన్నది లినక్స్ కెర్నలే. దాని మూలమైన క్రోమియం ఓఎస్ ఓపెన్ సోర్స్. గూగుల్ ఓఎస్‌ను అమ్మి సంపాదించాలనుకోలేదు. సెర్చ్, క్లౌడ్ సేవలు దాని ఆదాయం. బడులకు, సంస్థలకు పరికరాలను ఒక్కచోట నుంచి నిర్వహించే సదుపాయాన్ని మాత్రం డబ్బుకు ఇస్తుంది. కాబట్టి డ్రైవర్లు సరిచూడటం, తయారీదారులతో పరీక్షలు చేయించడం లాంటి విసుగు పనికి గూగుల్ డబ్బు పెట్టగలిగింది. అమెరికా బడుల్లో క్రోమ్‌బుక్ పైచేయి సాధించింది. లినక్స్ అభిమానుల్లో చాలామంది దీన్ని తమ ఖాతాలో వేసుకోరు. పునాది తెరిచి ఉన్నా పైకప్పు గూగుల్‌దే కావడం వారి అభ్యంతరం. వ్యాపారం దృష్టితో చూస్తే ఇప్పటిదాకా పారిన కిటుకు అదే. ఆపిల్ మ్యాక్ ఓఎస్ కింద ఉన్న డార్విన్ కూడా ఓపెన్ సోర్సే, దాన్ని ఎవరూ ఆ పేరుతో కొనరు.

వాల్వ్ కథ ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే దానికి భయం మూలం. స్టీమ్ అనే గేమ్‌ల దుకాణంలో అమ్మకాల మీద సాధారణంగా 30 శాతం వాల్వ్ తీసుకుంటుంది. 2012లో విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ సొంత యాప్ స్టోర్ పెట్టింది. రేపు తన దుకాణాన్ని అద్దె ఇంట్లోంచి ఖాళీ చేయమంటే? వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ విండోస్ 8ను బహిరంగంగానే తిట్టిపోశారు. 2013లో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చారు. 2015లో వేరే కంపెనీలతో కలిసి స్టీమ్ మెషీన్లు విడుదల చేస్తే అవి బోల్తా కొట్టాయి. కారణం పాతదే, వాటిలో ఆడటానికి గేమ్‌లు చాలినన్ని లేవు.

వాల్వ్ అప్పుడు ప్రశ్న మార్చింది. గేమ్ కంపెనీలను లినక్స్‌కు రాయమని బతిమాలడం మానేసి, విండోస్ గేమ్‌లనే లినక్స్‌లో నడిపే పొరను తయారుచేయించింది. పాత వైన్ ప్రాజెక్టు మీద కట్టిన ఆ ప్రోటాన్ 2018 ఆగస్టులో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ వచ్చింది. కొన్నవారిలో ఎక్కువమందికి తాము లినక్స్ వాడుతున్నామన్న స్పృహే ఉండదు. 2025లో లెనోవో లీజియన్ గో ఎస్ ద్వారా వేరే కంపెనీ పరికరంలోకి కూడా స్టీమ్ ఓఎస్ అధికారికంగా వెళ్లింది. ఆ ఏడాది అక్టోబర్ సర్వేలో స్టీమ్ వాడేవారిలో లినక్స్ వాటా తొలిసారి 3 శాతం దాటింది. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ లాంటి గేమ్‌లు మాత్రం మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్ కారణంగా ఇంకా బయటే ఉన్నాయి.

వాల్వ్ పెట్టిన ఖర్చులో గ్రాఫిక్స్ డ్రైవర్ల మెరుగుదల లాంటిది ఓపెన్ సోర్స్ కాబట్టి అందరికీ దక్కింది. ఫెడోరా వాడేవారికీ, మింట్ అనే మరో లినక్స్ వాడేవారికీ. తన గల్లా కాపాడుకోవడానికి ఒక కంపెనీ తవ్వించిన కాలువ పక్క పొలాలకూ పారుతోంది.

## ప్రభుత్వం కొంటే

2003లో జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక మండలి విండోస్‌ను వదలాలని నిర్ణయించినప్పుడు అప్పటి మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ స్వయంగా వెళ్లి మేయర్‌ను కలిశారు. అయినా నగరం వెనక్కి తగ్గలేదు. లీమక్స్ పేరుతో పదేళ్లలో దాదాపు 15,000 కంప్యూటర్లను మార్చింది. కోటి యూరోలకు పైగా ఆదా అయిందని 2012లో చెప్పుకుంది. 2017లో కొత్త మేయర్ హయాంలో అదే మండలి తిరిగి విండోస్‌కు వెళ్లాలని ఓటు వేసింది. ఈ మధ్యలో మైక్రోసాఫ్ట్ జర్మనీ ప్రధాన కార్యాలయం పక్క ఊరి నుంచి మ్యూనిక్ నగరంలోకి మారింది. రెండింటికీ ముడిపెట్టేవారు, కాదనేవారు ఇద్దరూ ఉన్నారు. ఒకటి మాత్రం నిజం. శాఖకో ఐటీ విభాగం, విభాగానికో పద్ధతి ఉన్న నగరంలో ఏది మొరాయించినా తిట్లు లినక్స్‌కే పడ్డాయి.

ఫ్రాన్స్‌లో జెండార్మరీ అనే పోలీసు దళం వరస మార్చింది. 2005లో ముందుగా విండోస్ మీదే ఓపెన్ ఆఫీస్, తర్వాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ అలవాటు చేసింది. లోపలి పనులను వెబ్‌లోకి తెచ్చింది. 2008లో ఉబుంటుకు మారడం మొదలుపెట్టేసరికి సిబ్బందికి తెర మీద కనిపించేవి తెలిసిన బొమ్మలే. 2024 నాటికి సుమారు లక్ష కంప్యూటర్లలో 97 శాతం లినక్స్‌వి. సైన్యం తరహా సంస్థ కాబట్టి పై నుంచి ఆదేశం వస్తే కింద అమలవుతుంది, అదీ కలిసొచ్చింది. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024 ఏప్రిల్‌లో ప్రకటించిన 30,000 కంప్యూటర్ల మార్పిడిలో ఈ వరసే కనిపిస్తుంది. ముందు లిబ్రె ఆఫీస్, తర్వాత మెయిల్, ఓఎస్ చివర. మెయిల్ మార్పిడిని 2025 అక్టోబర్‌లో పూర్తిచేసింది. అక్కడ ఇప్పుడు వినిపించే కారణం ఆదా కంటే, విదేశీ కంపెనీ మీద ఆధారపడటం గురించిన ఆందోళన.

మన దేశంలో కేరళ బడులది పెద్ద ఉదాహరణ. ఐటీ@స్కూల్‌గా మొదలై 2017లో కైట్‌గా మారిన ప్రభుత్వ సంస్థ ఉబుంటు ఆధారంగా సొంత ఓఎస్ తయారుచేసి బడుల్లో వాడుతోంది. పాఠ్యపుస్తకాలు, టీచర్ల శిక్షణ అంతా దాని మీదే కాబట్టి అది నిలిచింది. 2 లక్షల కంప్యూటర్లలో 3,000 కోట్ల రూపాయలు ఆదా అని 2019లో చెప్పారు. ఖరీదైన సాఫ్ట్‌వేర్లన్నీ ప్రతి కంప్యూటర్‌కూ కొంటే అన్న ఊహ మీద వేసిన లెక్క అది. ఏ బడీ అన్నీ కొనదు కాబట్టి నిజమైన ఆదా తక్కువే ఉంటుంది. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద జిల్లా కోర్టుల్లో వాడుతున్నదీ ఉబుంటుయే, తెలుగు రాష్ట్రాల కోర్టులూ అందులో ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్, రక్షణ శాఖ 2023లో తెచ్చిన మాయా అనే ఓఎస్‌లు కూడా ఈ కోవలోవే.

నేరుగా డెస్క్‌టాప్ లినక్స్ లైసెన్సులు అమ్మి స్టాక్ మార్కెట్‌కెక్కిన సంస్థ కావాలంటే రష్యా వైపు చూడాలి. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ అక్కడ కొత్త అమ్మకాలు ఆపేసింది. ఆస్ట్రా లినక్స్ తయారుచేసే ఆస్ట్రా గ్రూప్ 2023 అక్టోబర్‌లో మాస్కో ఎక్స్ఛేంజ్‌లో లిస్టయింది. పోటీదారు పక్కకు తప్పుకొని, ప్రభుత్వం తప్పనిసరిగా కొనే పరిస్థితి వస్తే ఓఎస్‌కు ధర పలుకుతుంది. మామూలు మార్కెట్‌కు ఆ పాఠం పనికిరాదు.

## డబ్బు పెట్టగల ఒకే ఒక్క కస్టమర్

సొంత డబ్బుతో లినక్స్ ల్యాప్‌టాప్ కొనే వర్గం ప్రోగ్రామర్లు. అమెరికాలోని డెన్వర్‌లో 2005 నుంచి నడుస్తున్న సిస్టమ్76 బతుకుతున్నది ప్రధానంగా వీళ్ల మీదే. అది ఓఎస్‌ను ఉచితంగా ఇచ్చి కంప్యూటర్‌ను అమ్ముతుంది. డెల్ 2012లో ఎక్స్‌పీఎస్ 13 డెవలపర్ ఎడిషన్, లెనోవో 2020లో ఫెడోరాతో థింక్‌ప్యాడ్ తెచ్చింది కూడా వీళ్ల కోసమే.

ఈ వర్గం మీదకే మైక్రోసాఫ్ట్ వచ్చింది. 2001లో లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చిన సంస్థ, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల అధిపతి అయ్యాక 2014లో లినక్స్‌ను ప్రేమిస్తున్నానంది. 2016లో విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్‌ను తెచ్చింది. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్‌లో అసలు లినక్స్ కెర్నల్‌నే పెట్టింది. హైటెక్ సిటీలో కంపెనీ ఇచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌తో పనిచేసే ఇంజినీర్‌కు ఇక ఓఎస్ మార్చే అవసరం లేదు. అవుట్‌లుక్, టీమ్స్ ఓ పక్క, ఉబుంటు టెర్మినల్ మరో పక్క. లినక్స్ వాడకం దీనివల్ల పెరిగింది, లినక్స్ డెస్క్‌టాప్‌కు రావాల్సిన గిరాకీ తగ్గింది.

## ముందున్న రోజులు

పైవాటిని బట్టి చూస్తే, పెట్టెలో పెట్టి అమ్మే డెస్క్‌టాప్ లినక్స్ తిరిగి వచ్చే సూచనలు లేవు. ఎదుగుదలకు చోటున్నవి మూడు. గేమ్ పరికరాల్లో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్‌ను 2025 నవంబర్‌లో ప్రకటించింది. బడులు, చవక ల్యాప్‌టాప్‌ల విషయంలో గూగుల్ క్రోమ్ ఓఎస్‌ను, ఆండ్రాయిడ్‌ను ఒకే పునాది మీదకు తెస్తోంది. యూరప్ ప్రభుత్వాల ఆర్డర్లతో లైసెన్స్ రుసుముగా వెళ్లే డబ్బు స్థానిక సర్వీస్ కంపెనీలకు మళ్లవచ్చు. ఈ మూడో దారిలో భారతీయ ఐటీ కంపెనీలకూ పని దొరుకుతుంది, మన ప్రభుత్వ శాఖలు టెండర్లలో మద్దతు సేవను విడి పద్దుగా కొనడం మొదలుపెడితే ఇంకా ఎక్కువ. కేంద్రం 2015లోనే ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తూ విధానం ప్రకటించింది. ఆఫీసు టేబుళ్ల మీద ఆ ప్రాధాన్యం పెద్దగా కనిపించదు.

ఇక చిన్న, మధ్యతరహా సంస్థలు. విండోస్ 10 అదనపు అప్‌డేట్లకు వీటికి వ్యక్తుల ధర వర్తించదు. ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. మొత్తం 427 డాలర్లు, అదీ 2028 అక్టోబర్ దాకానే. వంద పాత కంప్యూటర్లున్న ఆఫీసులో మొదటి ఏడాది బిల్లును పెద్దగా ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మూడో ఏడాది బిల్లు అకౌంట్స్ విభాగం టేబుల్ మీదకు వచ్చినప్పుడు, వాటిలో బ్రౌజర్ తప్ప మరేమీ తెరవని కంప్యూటర్లు ఎన్ని అన్న లెక్క తీయక తప్పదు.